షెట్‌లాండ్ ఫిడేలు బాణీలు, వాటిని నేర్పిన ట్రౌలు

సప్తతంత్రి

సభ్యులందరికీ నమస్కారం. ఆరేళ్లుగా కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఈ మధ్య స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్‌లాండ్ దీవుల నుంచి వచ్చిన ఒక ఫిడేలు బాణీ విన్నాను. దాని పేరు ‘విన్యాదెప్లా’. వాయించబోయే ముందు ఆ కళాకారుడు, ఇది తమవాళ్లెవరూ కట్టిన బాణీ కాదనీ, ఫెట్లార్ అనే చిన్న దీవిలో ఒకాయన, దిబ్బల కింద ఉంటాయని అక్కడివారు చెప్పుకునే ట్రౌల దగ్గర విని ఇంటికి తెచ్చుకున్నదనీ, ఫలానా సంతలో గొర్రెను కొన్నానన్నంత మామూలుగా చెప్పి కమాను అందుకున్నాడు. ఆ దీవుల్లో ఇలా ‘ట్రౌ బాణీలు’ అని పిలిచేవి చాలా ఉన్నాయట. ఆ మాట నమ్మి చెబుతారా, లేక పాత మర్యాద కొద్దీ చెబుతారా? బాణీకి కర్త ఎవరో తెలియనప్పుడు ‘ఎవరిదో తెలియదు’ అని ఊరుకోకుండా ఇంత కథ ఎందుకు అల్లుకున్నారు? తెలిసినవారు వివరించగలరు.

ఉత్తరసముద్రం

సప్తతంత్రి గారూ, నేను అబర్డీన్‌లో ఉంటాను. ఉద్యోగం పని మీద రాత్రి ఓడ ఎక్కి మూడుసార్లు ఆ దీవుల ముఖ్యపట్టణం లెర్విక్ వెళ్లి వచ్చాను కాబట్టి ముందు ఆ చోటు గురించి చెబుతాను, ఎందుకంటే చోటు తెలియకపోతే ట్రౌలు అర్థం కారు.

అవి దాదాపు 100 దీవులు. వాటిలో జనం ఉండేవి 16 మాత్రమే, అన్నీ కలిపినా జనాభా 23,000 దరిదాపుల్లోనే ఉంటుంది. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం ఆ దీవుల మీదుగానే పోతుంది కనుక నడివేసవిలో అర్ధరాత్రి కూడా పూర్తిగా చీకటి పడదు, నడిశీతకాలంలోనేమో పగలు ఆరు గంటలైనా ఉండదు. చెట్లు బహు తక్కువ. 1469లో డెన్మార్క్, నార్వేల రాజు మొదటి క్రిస్టియన్ తన కూతురి కట్నం కింద ఈ దీవులను స్కాట్లాండ్ రాజుకు తాకట్టు పెట్టాడు, ఆ తాకట్టు మళ్లీ విడిపించుకున్నది లేదు. అంతవరకూ వారిది నార్స్ లోకం, అంటే పాత నార్వే వారి లోకం. నార్న్ అనే వారి పాత భాష ఆ తరువాత కొన్ని శతాబ్దాల పాటు సన్నగిల్లుతూ పూర్తిగా పోయినా, ఊళ్ల పేర్లలోనూ చెరువుల పేర్లలోనూ మిగిలి ఉంది. ‘ట్రౌ’ అన్న మాట కూడా నార్వే వారి ‘ట్రోల్’ నుంచి వచ్చినదే.

ఇక్కడ ఒక మనవి. ట్రౌను దయచేసి ‘దెయ్యం’ అని అనువదించుకోకండి. దెయ్యమంటే చనిపోయిన మనిషి. ట్రౌ అలా కాదు. గడ్డి మొలిచిన దిబ్బల కింద ఇల్లూ వాకిలీ పెట్టుకుని, పెళ్లిళ్లూ పురుళ్లూ జరుపుకునే, మనిషి కంటే పొట్టిదైన మరో జాతి అది. రాత్రిపూటే బయటికి వస్తుంది, పొద్దు పొడిచేలోగా లోపలికి వెళ్లిపోవాలి. క్రిస్మస్ వేళ వచ్చే యూల్ పండుగకు ఏడు రోజుల ముందు నుంచి వాటికి పైలోకంలో తిరిగే స్వేచ్ఛ దొరుకుతుందని నమ్మేవారు. వాటి మంత్రసానులు మనుషులే, వాటి ఫిడేలు విద్వాంసులూ తరచుగా మనుషులే. అంటే పురుడు పోయడానికీ పెళ్లిలో వాయించడానికీ వాటికి మనతో పని పడుతుందన్నమాట.

కథలపుట్ట

ఉత్తరసముద్రం గారు చెప్పిన చివరి వాక్యం దగ్గరే అసలు కథ మొదలవుతుంది. జానపద సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టగలరు.

షెట్‌లాండ్‌లో ఫిడేలు కథలు ప్రధానంగా రెండు తీరులుగా నడుస్తాయి. ఒక తీరులో వాద్యకారుడు దిబ్బ లోపలికి వెళతాడు. పెళ్లికో యూల్ పండుగకో వాయించడానికి రాత్రివేళ నడిచి పోతుంటే దారిలో ఎవరో పిలుస్తారు, దిబ్బ తలుపు తెరుచుకుంటుంది, లోపల వెలుగూ ఆటా విందూ. ఒక్క రాత్రి వాయించి బయటికి వచ్చి చూస్తే ఇల్లు కూలిపోయి ఉంటుంది, ఊళ్లో తెలిసిన ముఖం ఒక్కటీ ఉండదు, ఏడాదో నూరేళ్లో గడిచిపోయి ఉంటాయి. కొన్ని కథనాల్లో ఆ మనిషి దేవుడి మాట చెవిన పడగానే గుప్పెడు ధూళిగా రాలిపోతాడు. రెండో తీరులో మనిషి లోపలికి వెళ్లడు. చీకట్లో దిబ్బ పక్క నుంచో వాగు పక్క నుంచో పోతూ సంగీతం విని నిలబడిపోతాడు, బాణీ మనసుకు పట్టేవరకూ కదలడు, మధ్యలో మరచిపోతానేమోనన్న భయంతో ఇంటికి చేరి వెంటనే ఫిడేలు తీస్తాడు. ట్రౌ బాణీలని చెప్పేవాటిలో చాలావరకు ఈ రెండో తీరుగా వచ్చినవే.

ఫెట్లార్‌లోనే హాల్టడాన్స్ అనే రాళ్ల వలయం ఉంది. పేరుకు అర్థం ‘కుంటి నాట్యం’. వెన్నెల్లో ఒళ్లు మరచి ఆడుతున్న ట్రౌలు పొద్దు పొడవడం గమనించక రాళ్లైపోయాయనీ, వలయం నడుమ నిలిచిన రెండు రాళ్లు ఫిడేలు వాయించినవాడూ అతని భార్యా అనీ చెబుతారు. వాద్యకారుణ్ణి మధ్యలో నిలబెట్టడం చూడండి, నాట్యం ఆగకపోవడానికి కారణం అతనే కదా!

ఇంకొక ఆధారం ఉంది. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ కూర్చిన పాత గాథాగేయాల సంకలనంలో 19వ సంఖ్య గల ‘కింగ్ ఓర్ఫియో’ అనే గాథాగేయం షెట్‌లాండ్‌లో దొరికింది. రాజు భార్యను ఆ లోకంవారు ఎత్తుకుపోతే, రాజు వారి సభకు వెళ్లి వాద్యం వాయించి, ముందు దుఃఖం, తరువాత ఆనందం, ఆపైన రోగి సైతం లేచి కూర్చునే నాట్యపు బాణీ వినిపించి భార్యను బహుమానంగా అడిగి తెచ్చుకుంటాడు. గ్రీకుల ఓర్ఫియస్ కథలో భార్య దక్కదు, ఇక్కడ దక్కుతుంది. పల్లవిలో నార్న్ భాష ముక్కలు, పాడేవారికే అర్థం తెలియకుండా, పదిలంగా మిగిలిపోయాయి. దాని వరుసను 1947లో అన్‌స్ట్ దీవికి చెందిన జాన్ స్టికల్ నుంచి ప్యాట్రిక్ షుల్డమ్-షా సేకరించాడు. దిబ్బ తలుపు తెరిచే తాళంచెవి సంగీతమేనన్న నమ్మకం ఫిడేలు రాకముందు నుంచే ఆ నేల మీద ఉన్నదని దీన్నిబట్టి నాకు తోస్తుంది.

తర్కవాది

కథలు బాగున్నాయి, కాదనను. కానీ ‘ట్రౌ బాణీ’ అన్న పేరుతో తిరిగేవన్నీ ఒక గంపలో వేయడం సరికాదు. ‘డా ట్రౌవీ బర్న్’ అనే ప్రసిద్ధమైన బాణీనే తీసుకోండి, పేరుకు ‘ట్రౌల వాగు’. దాన్ని అన్‌స్ట్ దీవి వాసి ఫ్రీడెమన్ స్టికల్ కట్టినదిగా చెబుతారు. ఆయన పూర్వీకుడు ఓడ పగిలి ఒడ్డుకు చేరిన జర్మన్ అని ఆ కుటుంబపు కథనం. కథలపుట్ట గారు పేర్కొన్న జాన్ స్టికల్‌ది కూడా ఆ వంశమే. కట్టిన మనిషి పేరు తెలిసి కూడా వాగు పేరులో ట్రౌలు ఉన్నాయి కనుక బాణీని వాటి ఖాతాలో వేయడం న్యాయమా? తక్కిన వాటికి కూడా ఇలాంటి మనుషులే ఉండి, పేర్లు మాత్రం మరుగున పడ్డాయని నా అనుమానం. పైగా పర్యాటకులకు ట్రౌల కథ చెబితే చెల్లినట్టు ‘మా తాతగారు కట్టారు’ అంటే చెల్లుతుందా?

ఉత్తరసముద్రం

తర్కవాది గారి మొదటి మాటతో ఏకీభవిస్తాను, రెండో మాటతో కాదు. ట్రౌల కథలు పర్యాటకుల కోసం పుట్టినవి కావు. వాటిని చెప్పుకున్నవారు పొరుగు దీవికి పోవడానికి కూడా గాలివాటు చూసుకునే రోజుల్లో బతికారు.

అక్కడ ఫిడేలు ఎంతగా పాకిపోయిందో చెప్పడానికి 1809లో ఆర్థర్ ఎడ్మన్‌స్టన్ రాసిన మాట ఒకటి చాలు. పల్లె జనంలో పదిమందికి ఒకరు ఫిడేలు వాయించగలరని ఆయన లెక్క. ఫిడేలుకు ముందు ‘గ్యూ’ అనే వాద్యం ఉండేదనీ, దానికి గుర్రపు వెంట్రుకలతో చేసిన రెండే తీగలనీ, సెల్లోను పట్టుకున్నట్టు నిలువుగా పట్టి వాయించేవారనీ కూడా ఆయనే రాశాడు. పదిమందిలో ఒకరు వాయించే చోట బాణీ కర్తను గుర్తుపెట్టుకోవడం అంత తేలిక కాదు. అందరూ అందరి దగ్గరా నేర్చుకుంటారు.

ఇక బాణీలన్నీ దిబ్బల కింది నుంచే రాలేదు, సముద్రం మీద నుంచీ వచ్చాయి. గ్రీన్లాండ్ వైపు తిమింగలాల వేటకు వెళ్లే ఓడలు దారిలో లెర్విక్‌లో ఆగి మనుషులను ఎక్కించుకునేవి. ఓడలో ఫిడేలు వాయించేవాడు ఉంటే అందరికీ సంతోషం. ‘విల్లాఫియోర్డ్’, ‘డా మెర్రీ బాయ్స్ ఓ గ్రీన్లాండ్’ వంటివి ఆ ప్రయాణాల గుర్తులు. వీటికి ట్రౌలను అంటగట్టిన వారెవరూ లేరు, ఎవరైనా ‘ఇది వేట ఓడల బాణీ’ అనే చెబుతారు. కాబట్టి కర్త తెలియని ప్రతిదానికీ ట్రౌ ముద్ర వేశారన్న వాదన నిలవదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ దారినే కథ చెబుతోంది, సముద్రం నుంచి వచ్చినదానికి ఓడ, కొండవైపు నుంచి వచ్చినదానికి దిబ్బ.

పాతకమాను

అందరికీ నమస్కారం. విజయనగరంలో నలభై ఏళ్లకు పైగా పిల్లలకు వయొలిన్ చెబుతున్నాను. ట్రౌల సంగతి మీరు చూసుకోండి, నేను తీగల సంగతి చెబుతాను.

పాశ్చాత్య వయొలిన్‌కు అడుగు తీగ నుంచి పైకి జీ, డీ, ఏ, ఈ అని శ్రుతి చేస్తారని మీకు తెలుసు. షెట్‌లాండ్‌లో చాలా పాత బాణీలకు అడుగు రెండు తీగలనూ ఒక్కొక్క స్వరం పైకి బిగించి ఏ, ఈ, ఏ, ఈ చేస్తారు. ఇప్పుడు ఆ ‘ఏ’ అనే స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని చూడండి. షడ్జం, పంచమం, పై షడ్జం, పై పంచమం. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపు వాద్యకారుని దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చిన వయొలిన్‌కు మనం చేసే శ్రుతి కూడా స-ప-స-ప కదా! వాళ్లు ఒక దారిన, మనం ఒక దారిన బయలుదేరి ఒకే చోటికి చేరాం. కారణం కూడా దగ్గరదగ్గరగానే ఉంటుంది. మనకు ఆధార శ్రుతి వీడకూడదు. వాళ్లకు ఒక్క ఫిడేలుతో ఇంటినిండా జనాన్ని ఆడించాలి కనుక పక్క తీగ కూడా మోగుతూ నాదం రెట్టింపు కావాలి. వాయిస్తున్న తీగతో పాటు కమాను పక్క తీగను తాకుతుంది, తాకనివి కూడా లోపలి నుంచి పలుకుతాయి. నార్వేలో హార్డాంగర్ ఫిడేలుకు అడుగున వేరే తీగలు పెట్టి ఇదే పని చేయించుకుంటారు.

చీకట్లో దూరం నుంచి అలాంటి వాద్యం వింటే ఒక్కరు వాయిస్తున్నట్టు వినబడదు, ఇద్దరు ముగ్గురు వాయిస్తున్నట్టు ఉంటుంది. నా చిన్నతనంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి రికార్డు పక్క వీధి నుంచి వినబడితే లోపల ఎంతమంది ఉన్నారా అని అనుకున్నవాణ్ణి నేను. మీ దిబ్బ కింద మేళానికి ఇది ఒక ఆధారం కావచ్చు, ఆలోచించండి.

సప్తతంత్రి

పాతకమాను గారూ, మీ సందేశం చదివిన వెంటనే ప్రయత్నించాను. నా వయొలిన్ ఎలాగూ స-ప-స-ప లోనే ఉంది కనుక బిరడాలు ముట్టుకోవలసిన పని లేకపోయింది. ‘విన్యాదెప్లా’ను విన్నంతవరకు వాయించి చూస్తే, ఖాళీ తీగను వదలకుండా పక్కనే తాకించినప్పుడు గదిలో నిజంగానే ఇంకెవరో ఉన్నట్టు అనిపించింది. గమకం మాత్రం వేయకూడదని మూడోసారికి అర్థమైంది. వేలు ఊగిందంటే పక్క తీగతో కలయిక చెడిపోతోంది.

తర్కవాది

చెవికి సంబంధించిన వివరణ ఇస్తే నేను వింటాను. నా వైపు నుంచి మరొకటి కలుపుతాను. ట్రౌ సంగీతం విన్నామని చెప్పే చోట్లలో నీటి మర తరచుగా వస్తుంది. షెట్‌లాండ్ పాత మరలు మన ఊళ్ల పిండిమరల వంటివి కావు. సన్నని వాగు మీద, ఒక మనిషి వంగి దూరేంత రాతి గది, కింద అడ్డంగా తిరిగే చిన్న చక్రం, పైన తిరగలి రాయి. రాయి తిరుగుతున్నంతసేపూ టక్ టక్ మని ఒక చప్పుడు వస్తూనే ఉంటుంది. వాగులో నీరు ఉన్నప్పుడే మర తిరుగుతుంది కనుక రాత్రంతా ఒంటరిగా కూర్చుని బార్లీ విసరవలసి వచ్చేది. అలసట, చీకటి, నీటి సవ్వడి, తప్పని తాళం. రైలుపెట్టెలో పడుకుని పట్టాల చప్పుడులో పాట వినని వారు మనలో ఎవరున్నారు? కాబట్టి అతను విన్నది నిజం, వినిపించినవారు మాత్రం ట్రౌలు కారు, అతని సొంత బుర్రే. తాను కట్టానని అతనికే తెలియలేదు.

కథలపుట్ట

చివరి వాక్యం చాలా బాగుంది. అయితే, తర్కవాది గారూ, ‘అతనికే తెలియలేదు’ అన్నది మన భాషలో మన వివరణ. అతని భాషలో దాని వివరణే ట్రౌ. బయటి నుంచి వచ్చినట్టు అనిపించినదాన్ని బయటి నుంచి వచ్చిందనే చెప్పాడు, తన గొప్ప అనలేదు.

ఇక్కడ నార్వేతో పోల్చి చూస్తే ఒక తేడా కనబడుతుంది. నార్వేలో జలపాతం కింద ఫొసెగ్రిమ్ అనే జలపురుషుడు ఫిడేలు నేర్పుతాడు, కానీ గురుదక్షిణ పుచ్చుకుంటాడు. మాంసం సమర్పించాలి. మాంసం చాలినంత లేకపోతే శ్రుతి చేయడం వరకే నేర్పి వాయించడం నేర్పడు! అది బేరం. షెట్‌లాండ్‌లో చాటున విన్నవాడికి ఆ బేరం లేదు. ట్రౌలు తమ కోసం తాము వాయించుకుంటాయి, మనిషి పట్టుకుపోతాడు. లోపలికి వెళ్లినవాడు మాత్రం డబ్బుతో కాక కాలంతో చెల్లిస్తాడు. నార్వే కథ గురువు దగ్గర నేర్చుకోవడం గురించి, షెట్‌లాండ్ కథ చెవితో పట్టడం గురించి. స్వరలిపి లేకుండా ఒకసారి విని జీవితాంతం దాచుకోవలసిన వాద్యకారులు చెప్పుకునే కథ అలాగే ఉంటుంది, వారి అసలు భయం ట్రౌ కాదు, మతిమరుపు.

ప్రసంగవశాత్తు ఒక మాట. మన ఆదిలాబాద్‌లో ప్రధాన్ తెగవారు కమానుతో వాయించే కీక్రి అనే వాద్యం ఉంది. గోండుల వంశగాథలు దాని తోడుతోనే పాడతారు. అక్కడ కూడా గాథనూ వాద్యాన్నీ విడదీసి నేర్పరు. షెట్‌లాండ్‌తో దానికి చుట్టరికం ఉందని నేను అనడం లేదు, విడదీయకపోవడం ఒక్కటే పోలిక.

ఉత్తరసముద్రం

విడదీయకపోవడం అన్నారు కదా, నేను చెప్పదలచుకున్నది సరిగ్గా అదే. లెర్విక్‌లో ఒక సాయంత్రం స్థానికులు గుమికూడి వాయించుకునే చోట కూర్చున్నాను. పెద్దాయన ఒకరు ప్రతి బాణీకీ ముందు రెండు ముక్కలు చెబుతారు, ఎవరి దగ్గర వచ్చింది, ఏ దీవిది, ఎప్పుడు వాయిస్తారు అని. ఒక కుర్రవాడు చెప్పకుండా మొదలుపెడితే ఆపి అడిగారు. అప్పుడు నాకు అనిపించింది, ట్రౌ కథ కూడా ఈ రెండు ముక్కల్లో ఒక రకమే. విన్యాదెప్లా ఫెట్లార్‌లో ఒక చెరువు. ‘వాలాఫీల్డ్’ అనే మరో ట్రౌ బాణీ పేరు అన్‌స్ట్‌లోని కొండ పేరు. కథ మీకు ముందుగా ఇస్తున్నది ట్రౌను కాదు, చోటును. బాణీని నేలకు కట్టే ముడి అది.

కొన్ని బాణీలకు చోటుకు బదులు వేళ ఉంటుంది. ‘డా డే డాన్’ను యూల్ నాటి వేకువన చీకటి విడవకముందే వాద్యకారుడు ఇంటింటికీ వెళ్లి వాయించేవాడు. ట్రౌలకు స్వేచ్ఛ ఉన్న రోజుల్లోనే, పొద్దు రాకను చాటే బాణీ. తర్కవాది గారు చెప్పిన ఫ్రీడెమన్ స్టికల్ కూడా ప్రతి క్రిస్మస్ ఉదయం అన్‌స్ట్‌లోని భూస్వామి ఇంట ‘క్రిస్మస్ డే ఇ డా మోర్నిన్’ వాయించేవాడని ప్రతీతి.

కర్త ఎవరో స్పష్టంగా తెలిసిన కొత్త బాణీలకూ ఇదే వరస. టామ్ ఆండర్సన్ (1910–1991) షెట్‌లాండ్‌లోని ఎషానెస్‌లో పుట్టాడు. బీమా ఉద్యోగం మీద ఇల్లిల్లూ తిరుగుతూ ముసలి వాద్యకారుల దగ్గర వందలకొద్దీ బాణీలు సేకరించాడు, 1970లలో బడుల్లో పిల్లలకు ఫిడేలు నేర్పించే ఏర్పాటుకు ప్రాణం పోశాడు. ఆయన శిష్యుడే లెర్విక్‌లో 1946లో పుట్టిన ఫిడేలు విద్వాంసుడు ఆలీ బేన్. ఆండర్సన్ 1969లో ‘డా స్లాకిట్ లైట్’ కట్టాడు, అంటే ‘ఆరిపోయిన దీపం’. పుట్టిన ఊరి నుంచి తిరిగి వెళుతూ వెనక్కి చూస్తే, చిన్నప్పుడు దీపాలు వెలిగిన ఇళ్లన్నీ చీకటిగా కనబడ్డాయట. ఆ బాణీని ఆ నాలుగు మాటలు చెప్పకుండా వాయించినవారిని నేను చూడలేదు. అందులో ట్రౌలు లేవు. కానీ చీకటి, ఒంటరి దారి, ఒక చోటు, వెంట వచ్చిన బాణీ అన్నీ ఉన్నాయి.

తర్కవాది

అంటే ట్రౌలు ఖాళీ చేసిన చోట ఖాళీ ఇళ్లు వచ్చి కూర్చున్నాయన్నమాట. ఇది నేను ఊహించలేదు. ‘పర్యాటకుల కోసం’ అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. బుర్ర గురించి అన్నది మాత్రం అలాగే ఉంచుతాను.

పాతకమాను

సప్తతంత్రి గారూ, గమకం వద్దన్న సంగతి మీ అంతట మీరే కనిపెట్టినందుకు సంతోషం. ఇంకొక్కటి చూసుకోండి. మన వాళ్లం నేల మీద కూర్చుని ఫిడేలు తలను పాదం మీద ఆనించుకుంటాం కనుక ఎడమ చేయి స్వేచ్ఛగా జారుతుంది. వాళ్లకు జారుడుతో పని లేదు, పనంతా కుడిచేతిది. రీల్ అనే వేగమైన నాట్యపు బాణీల్లో కమాను విసురు తాళంలో ఎదురు దెబ్బ (ఆఫ్‌బీట్) మీద పడుతుంటుంది. కాలితో తాళం వేస్తూ, ఎడమ చేతిని మరచిపోయి, ఒక వారం కుడిచేతినే సాధన చేయండి.

సప్తతంత్రి

అలాగే చేస్తానండీ. నిన్న రాత్రి మా అమ్మాయి నిద్రపోతుండగా పక్క గదిలో మెల్లగా వాయించాను. పొద్దున్నే లేచి, రాత్రి ఎవరు వచ్చారు, ఇద్దరు వాయిస్తున్నట్టుంది అని అడిగింది. ఉత్తరసముద్రం గారూ, వేసవి సెలవుల్లో వస్తే లెర్విక్ నుంచి ఫెట్లార్‌కు వెళ్లడానికి యెల్ దీవి మీదుగా రెండు పడవలు మారాలని చదివాను. ఒక్క రోజులో హాల్టడాన్స్ చూసి తిరిగి రావడం కుదురుతుందా, లేక ఆ రాత్రి అక్కడే ఉండవలసి వస్తుందా?

ఉత్తరసముద్రం

పడవల వేళలు ముందే చూసుకుని ఉదయాన్నే బయలుదేరితే కుదురుతుంది. అయినా రాత్రికి ఉండిపొమ్మనే నా సలహా. వేసవి కదా, చీకటి పడదు. ట్రౌలు బయటికి రావు.